నెలకు 149కే హోస్టింగా? చిన్న వ్యాపారానికి ఏది తీసుకోవాలో ఒక లెక్క

ఆత్రేయపురంలో మా పిన్ని పూతరేకుల వ్యాపారం చేస్తుంది. ఇంటి వెనక పాకలో నలుగురు ఆడవాళ్ళు బోర్లించిన కుండల మీద రేకులు తీస్తారు, ఇద్దరు చుడతారు. పార్సిళ్ళ సంగతి బాబాయి చూసుకుంటాడు. ఆర్డర్లన్నీ ఫోన్లోనూ వాట్సాప్‌లోనూ వస్తాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక పిన్నికి ధైర్యం పెరిగింది. పోయిన శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం హడావుడి తగ్గాక, ఒక రాత్రి ఫోన్ చేసింది.

"ఒరేయ్, వెబ్‌సైట్ పెడదామనుకుంటున్నానురా. నెలకి నూట నలభై తొమ్మిదేనంట. పేరు కూడా ఫ్రీగా ఇస్తారంట. కొనేయనా?"

"ఆగు పిన్నీ. కార్డు నంబరు మాత్రం కొట్టకు" అన్నాను.

విజయవాడలో ఉండి చిన్న షాపులకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. ఇలాంటి ఫోన్లు నాకు మామూలే. కాకపోతే ఎక్కువమంది కొనేశాక చేస్తారు, పిన్ని కొనకముందు చేసింది. ఆ రాత్రి ఆమెకు చెప్పినవీ, తర్వాత ఒక ఆదివారం వాళ్ళింట్లో కూర్చుని చేసినవీ ఇక్కడ రాస్తున్నాను.

పేరు వేరు, మడిగె వేరు

డొమైన్ అంటే షాపు పేరు, బ్రౌజర్‌లో కొట్టే అడ్రసు. హోస్టింగ్ అంటే షాపు నడిచే అద్దె మడిగె, అంటే సైటు ఫైళ్ళు ఉంచే సర్వర్ (ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్)లో చోటు. మెయిల్ అంటే గుమ్మానికి తగిలించిన పోస్టు డబ్బా. ఈ మూడూ ఒకే కంపెనీ దగ్గర, ఒకే బిల్లులో దొరుకుతాయి కాబట్టి జనం ఒకటే అనుకుంటారు. మడిగె నచ్చకపోతే ఖాళీ చేసి పక్క వీధికి మారొచ్చు. పేరు పోతే మాత్రం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

తెనాలిలో ఒక పచ్చళ్ళ షాపు వాళ్ళకు ఇదే జరిగింది. వెబ్‌సైట్ చేసిన కుర్రాడు డొమైన్‌ని తన జీమెయిల్ మీద కొన్నాడు. రెండేళ్ళకు ఉద్యోగం దొరికి వేరే దేశం వెళ్ళిపోయాడు. గడువు దగ్గరపడుతోందన్న మెయిల్స్ అన్నీ ఆ పాత జీమెయిల్‌కే వెళ్ళాయి, అతను చూడలేదు. డాట్ కామ్ పేరు గడువు దాటగానే పోదు. కంపెనీని బట్టి 45 రోజుల దాకా మామూలు ధరకే రెన్యువల్ చేయనిస్తారు, ఆ తర్వాత 30 రోజులు జరిమానా లాంటి పెద్ద ఫీజుతో ఇస్తారు. మరో 5 రోజులకు పేరు బజార్లో పడుతుంది. అన్ని రోజులున్నా వీళ్ళకు తెలియలేదు. తెలిసేసరికి ఆ పేరు ఇంకెవరో తీసేసుకున్నారు. డబ్బాల మీదా, కవర్ల మీదా, డెలివరీ ఆటో వెనకా అచ్చేసిన పేరు అది.

అందుకని ఎవరి చేత చేయించుకున్నా డొమైన్ ఖాతాలో పేరు, మెయిల్, ఫోన్ నంబరు యజమానివే ఉండాలి. ఓటీపీ మీ ఫోన్‌కి రావాలి. ఇది నా మీదా వర్తిస్తుంది. పిన్ని డొమైన్ కూడా నా ఖాతాలో కొనలేదు.

ఇక "ఫ్రీ డొమైన్" సంగతి. డాట్ కామ్ పేర్ల చిట్టా (రిజిస్ట్రీ) నడిపే వెరిసైన్ కంపెనీ అమ్మకందారుల దగ్గర తీసుకునే టోకు ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకు చేరింది. అసలు ధరే అంత ఉంటే 99 రూపాయలకో ఊరికేనో ఇచ్చేవాడు ఆ డబ్బు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా. రెండో ఏడాది రెన్యువల్‌లోనో, నాలుగేళ్ళ హోస్టింగ్ ముందే కట్టించుకుని దానిలోనో రాబడతాడు. డొమైన్ విడిగా కొంటే ఏడాదికి వెయ్యి చిల్లర అవుతుంది. ఆ మాత్రం పెట్టండి. చూడాల్సింది మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర.

డాట్ ఇన్ తీసుకోవాలా, డాట్ కామ్ తీసుకోవాలా అని పిన్ని అడిగింది. డాట్ ఇన్‌ని నిక్సీ అనే మన దేశ సంస్థ చూస్తుంది, 2005 నుంచి అందరికీ దొరుకుతోంది, మన దేశంలో కొనేవాళ్ళకు అది హాయిగా సరిపోతుంది. పిన్ని ఆర్డర్లలో చెప్పుకోదగ్గ భాగం అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకు పంపించేవి. వాళ్ళ వేళ్ళు అలవాటుగా డాట్ కామే కొడతాయి కనుక అది తీసుకున్నాం. తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు కూడా ఉన్నాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ, ఆ పేరుతో మెయిల్ పెట్టుకుంటే చాలా ఫారాలు తీసుకోవు. డబ్బులుంటే రెండో పేరుగా ఉంచుకోవచ్చు.

అసలు హోస్టింగ్ అక్కర్లేనివాళ్ళు

టిఫిన్ సెంటర్‌కి, టైలరింగ్ షాపుకి, ఏసీ మెకానిక్‌కి నేను వెబ్‌సైట్ వద్దనే చెబుతాను. గూగుల్ మ్యాప్స్‌లో షాపు ప్రొఫైల్ సరిగ్గా పెట్టుకుని, నాలుగు మంచి ఫొటోలు, సరైన టైమింగులు ఉంచితే చాలు. దానికి రూపాయి ఖర్చు లేదు. అలాగని మొత్తం దాని మీదే ఆధారపడకూడదు. ఆ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైట్ కూడా ఇచ్చేది, చాలామంది ఆ అడ్రసునే కార్డుల మీద అచ్చేయించుకున్నారు. 2024 మార్చిలో ఆ సైట్లన్నీ ఆపేశారు. కొన్నాళ్ళు మ్యాప్స్ ప్రొఫైల్‌కి మళ్ళించి, జూన్‌లో అదీ తీసేశారు. అప్పటికే సొంత డొమైన్ ఉన్నవాళ్ళు దాన్ని వేరే చోటికి తిప్పుకుని ఊరుకున్నారు.

దాని తర్వాతి మెట్టు మారని పేజీల సైటు. పళ్ళ డాక్టరు, చార్టర్డ్ అకౌంటెంటు, ఫంక్షన్ హాలు: ఐదు పేజీలు, ఒక మ్యాపు, ఒక ఫోన్ నంబరు. ఏడాదికి ఒకసారి మారితే ఎక్కువ. వీళ్ళు హోస్టింగ్‌కి డబ్బు కట్టడం దండగ. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ లాంటి చోట అలాంటి సైటు ఉచితంగానే నడుస్తుంది. ఒక్కో ఫైలు 25 ఎంబీ దాటకూడదు, మొత్తం ఫైళ్ళు 20,000 మించకూడదు. ఐదు పేజీల సైటుకి ఆ హద్దులు కనుచూపు మేరలో కూడా ఉండవు. గిట్‌హబ్ పేజెస్‌ని కూడా కొందరు వాడుతుంటారు గానీ, ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి దాన్ని వాడొద్దని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. వ్యాపారానికైతే నేను అటు వెళ్ళను.

ఈ పద్ధతిలో ఒక్కటే తిరకాసు. పేజీలో ఒక అంకె మార్చాలన్నా తెలిసినవాడు కావాలి. డాక్టరుగారికి పర్లేదు, ఫీజు మారినప్పుడు నాకు ఫోన్ చేస్తారు. పిన్నికి కుదరదు. బెల్లం రేటు పెరిగితే ఆమె రేటు ఆ సాయంత్రమే మారుతుంది. నేను ఏ పెళ్ళిలోనో భోజనాల వరసలో ఉంటే ఆమె ఆగదు. కాబట్టి "నేను లేని రోజున పేజీలో ధర ఎవరు మారుస్తారు?" అనే ప్రశ్నతోనే మేం మిగతా దారులు చూశాం.

వాటాల ఇల్లు

నెలకు 149 అని పిన్ని చూసింది షేర్డ్ హోస్టింగ్. ఒక పెద్ద ఇంటిని వాటాలుగా అద్దెకిచ్చినట్టు, ఒకే సర్వర్‌ని వందల సైట్లకు పంచుతారు. ట్యాంకు ఒకటే. పక్క వాటావాళ్ళింట్లో పెళ్ళైతే మీ కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తాయి. అయినా నూటికి ఎనభై చిన్న వ్యాపారాలకు ఈ ఇల్లే చాలు. ఇబ్బందంతా అద్దె చెప్పే పద్ధతిలోనే ఉంది.

149 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్నగా, 48 నెలలకు ఒకేసారి కడితేనే ఆ ధర. అంటే 7,152 రూపాయలు. దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 8,439. పిన్ని నూట నలభై తొమ్మిది అనుకుని బటన్ నొక్కి ఉంటే ఆ రాత్రి ఖాతాలోంచి పోయేది అంత. ఇంకా కింద, ఇంకా చిన్నగా, రెన్యువల్ ధర ఉంటుంది. అది నెలకు 449 అనుకుందాం. ఐదో ఏడాది మళ్ళీ నాలుగేళ్ళకు కట్టాలంటే జీఎస్టీతో 25,431. ధర మూడింతలైనా చాలామంది కట్టేస్తారు. ఎందుకంటే అప్పటికి సైటు, మెయిల్స్, డొమైన్ అన్నీ అక్కడే ఇరుక్కుని ఉంటాయి, కదపాలంటే భయం.

కదలడం తేలికైతే ఈ భయం ఉండదు. డొమైన్ వేరే చోట, మెయిల్ వేరే చోట, బ్యాకప్ మన దగ్గర ఉంటే హోస్టింగ్ కంపెనీ మారడం ఒక పూట పని. అందుకే నేను నాలుగేళ్ళకు కట్టించను. ఏడాదికే తీసుకుంటాను, నెలకు ఓ వంద ఎక్కువైనా సరే. ఏడాది చూసి నచ్చితే అప్పుడు మూడేళ్ళకు కట్టొచ్చు.

"అన్‌లిమిటెడ్" అన్న మాట కూడా అలాంటిదే. స్టోరేజీ అన్‌లిమిటెడ్ అంటారు, లోపల ఫైళ్ళ సంఖ్యకు లెక్క పెడతారు. దాన్ని ఐనోడ్ పరిమితి అంటారు, ప్లాన్ వివరాల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. ఫొటోలు ఎక్కువున్న షాపులు దీని దగ్గరే తట్టుకుని పడతాయి. కోడ్ రాయకుండా పేజీలు మనమే మార్చుకునే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, అందులో మీరు ఒక్క ఫొటో ఎక్కిస్తే అది ఒక్కటిగా ఉండదు. ఫోన్‌తో తీసిన పెద్ద ఫొటో అయితే అసలుది ఒకటి, 2560 పిక్సెళ్ళకు తగ్గించింది ఒకటి, ఆపైన 2048, 1536, 1024, 768, 300, 150 సైజుల్లో ఒక్కోటి, మొత్తం ఎనిమిది ఫైళ్ళవుతాయి. ఆన్‌లైన్ షాపు ప్లగిన్ (అదనపు పనికి తగిలించే ముక్క), పేజీ రూపం మార్చే మరో థీమ్ ఉంటే ఇంకొన్ని. నాలుగు వందల చీరలకు ఒక్కోదానికి ఆరు ఫొటోలు పెట్టిన మంగళగిరి షాపుకి ఎన్నవుతాయో లెక్కేసుకోండి. మెయిల్స్ కూడా అదే సర్వర్‌లో ఉంటే ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు.

మూడో హద్దు ప్రాసెసర్‌ది. సంక్రాంతి వారంలో అందరూ ఒకేసారి సైటు తెరిస్తే కొన్ని షేర్డ్ సర్వర్లలో 508 అనే నంబరుతో ఒక తెల్ల పేజీ వస్తుంది. మీ వాటాకి ఇచ్చిన నీళ్ళు అయిపోయాయని దానర్థం. సర్వర్ చెడిపోలేదు. తయారైన పేజీని దాచి మళ్ళీ అదే చూపించే కాష్ ప్లగిన్ పెట్టుకుంటే, ఫొటోలు తేలికగా ఉంటే ఇది చాలావరకు రాదు. అయినా మాటిమాటికీ వస్తుంటే పై మెట్టు ఎక్కాల్సిన టైం వచ్చినట్టే. మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్, క్లౌడ్ హోస్టింగ్ అని అమ్మేవి ఆ మెట్టే: మీ వాటాకి విడి ట్యాంకు, అప్‌డేట్లు, రోజూ బ్యాకప్ వాళ్ళే చూసుకుంటారు. అద్దె రెండు మూడింతలు. రోజూ ఆర్డర్లు వచ్చే షాపుకి అది ఎక్కువేం కాదు, నెలకు పది ఆర్డర్ల షాపుకి దండగ.

అన్నీ వాళ్ళే చూసుకునే చోట్లు

విక్స్, షాపిఫై లాంటివాటిలో హోస్టింగ్ అన్న మాటే వినబడదు. ఎస్‌ఎస్‌ఎల్ (సైటుకీ చూసేవాళ్ళకీ మధ్య సమాచారం బయటివాళ్ళకు కనబడకుండా వేసే తాళం), అప్‌డేట్లు, సెక్యూరిటీ ఏదీ మన తలనొప్పి కాదు. మా పిన్ని కూతురు డిగ్రీ చదువుతోంది, ఒక సాయంత్రం కూర్చుంటే విక్స్‌లో సైటు తనే కట్టేస్తుంది. మరి ఎందుకు వద్దన్నాను? విక్స్‌లో కట్టిన సైటుని అలాగే తీసుకెళ్ళి ఇంకో హోస్టింగ్‌లో పెట్టడం కుదరదు. ధర పెంచినా, నచ్చకపోయినా, బయటికొస్తే మళ్ళీ పునాది నుంచే. ఏడాదో రెండేళ్ళో చూద్దాం అనుకునే వ్యాపారానికి మాత్రం ఇది చెడ్డ దారేమీ కాదు.

షాపిఫై సంగతి వేరు. స్టాకు, సైజులు, రంగులు, రిటర్నులు ఉన్న బట్టల షాపుకి దాన్ని మించిన సుఖం లేదు. కానీ వాళ్ళ సొంత పేమెంట్ సర్వీసు మన దేశంలో లేదు. అందువల్ల రేజర్‌పే లాంటి గేట్‌వే (డబ్బు కట్టించుకుని మనకిచ్చే సర్వీసు) పెట్టుకోవాలి. గేట్‌వే తన కమీషన్ తను తీసుకుంటుంది, పైన షాపిఫై బేసిక్ ప్లాన్‌లో ప్రతి ఆర్డరు మీద 2 శాతం తీసుకుంటుంది. నెల అద్దె సరేసరి. వెయ్యి రూపాయల ఆర్డరులో పూతరేకులకు మిగిలేదెంతో పిన్నికి తెలుసు. "ఇరవై రూపాయలు ఊరికే ఎందుకిస్తాన్రా" అంది. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

సర్వర్ మొత్తం మనదే అయితే

విపిఎస్ అంటే సర్వర్‌లో కొంత భాగాన్ని గోడ కట్టి పూర్తిగా మనకిచ్చేయడం. డిజిటల్ ఓషన్‌కి బెంగళూరులో సర్వర్లున్నాయి, అమెజాన్ ముంబైలో 2016లో, హైదరాబాద్‌లో 2022 నవంబరులో తెరిచింది. నెలకు 5, 6 డాలర్లకే చిన్న సర్వర్ దొరుకుతుంది. యూట్యూబ్‌లో చూసి చాలామంది కుర్రాళ్ళు ఇదే మంచిదని చెబుతుంటారు. ధర మాట నిజమే. కానీ ఖాళీ స్థలం కొన్నట్టన్నమాట, బోరు, కరెంటు, ప్రహరీ అన్నీ మీరే వేసుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, ఫైర్‌వాల్, బ్యాకప్ ఏదీ దానంతటదే జరగదు. రాత్రి రెండింటికి డేటాబేస్ ఆగిపోతే లేచేవాడు మీ ఇంట్లో ఉంటేనే అటు వెళ్ళండి. నా సొంత ప్రయోగాలకు నేను వాడతాను. పిన్నికి ఆ మాటే ఎత్తలేదు.

కొనే ముందు అడిగి తేల్చుకోవాల్సినవి

కంపెనీ పేరు కంటే ముందు చాట్ బాక్స్ తెరిచి చూడండి. కొనకముందే, రాత్రి తొమ్మిది దాటాక ఒక ప్రశ్న వేయండి: "బ్యాకప్ ఎన్ని రోజులవి ఉంచుతారు? వెనక్కి తెచ్చిపెట్టడానికి విడిగా డబ్బు తీసుకుంటారా?" సూటిగా జవాబు చెబితే మంచి గుర్తు. ప్లాన్ లింకే మళ్ళీ మళ్ళీ పంపిస్తుంటే కొన్నాక కూడా అదే పంపిస్తారు. బ్యాకప్ ఇస్తామని చెప్పి, తీరా అవసరం పడ్డాక దాన్ని తిరిగి పెట్టడానికి బిల్లు వేసేవాళ్ళున్నారు.

వాళ్ళ బ్యాకప్ ఎంత మంచిదైనా మన దగ్గర ఒక కాపీ ఉండాలి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. లక్షల సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉన్నవాళ్ళకు ఏమీ మిగల్లేదు. అది చిన్నాచితకా కంపెనీ కాదు, యూరప్‌లో పెద్దవాటిలో ఒకటి. ఇంటి తాళం, మారుతాళం ఒకే జేబులో పెట్టుకుని తిరిగినట్టయింది వాళ్ళ పని.

సర్వర్ ఎక్కడుందో అడగండి. కొనేవాళ్ళు ఎక్కువగా ఇక్కడివాళ్ళైతే ముంబై, బెంగళూరు, హైదరాబాద్ లాంటి చోట ఉన్నది తీసుకోండి. అమెరికా సర్వర్ అయితే ఒక్కో అభ్యర్థన సముద్రాలు దాటి వెళ్ళి రావాలి. అటువాళ్ళకూ ఇటువాళ్ళకూ కావాలంటే సర్వర్ ఇక్కడే ఉంచి, ముందు క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్ పెట్టుకుంటే ఫొటోలు ఎవరికి దగ్గర్లో ఉన్న చోటి నుంచి వాళ్ళకు వెళతాయి.

99.9 శాతం అప్‌టైమ్ (సైటు ఆగకుండా నడిచే సమయం) అంటే గొప్పగా వినిపిస్తుంది. 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగిపోవచ్చని దానర్థం, అది పర్లేదు. 99 శాతమైతే 7 గంటల 12 నిమిషాలు. అయితే అంతకంటే ఎక్కువ ఆగినా మహా అయితే ఆ నెల అద్దెలో కొంత తగ్గిస్తారు, పోయిన ఆర్డర్లకు ఎవరూ పూచీ ఉండరు. ఆ అంకె చూసి మాత్రం కంపెనీని ఎంచుకోవద్దు.

ఎస్‌ఎస్‌ఎల్‌కి విడిగా డబ్బు అడిగేవాళ్ళ దగ్గర ఆగకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2016 నుంచి సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తోంది, మంచి హోస్టింగ్‌లలో అది తనంతట తనే పడుతుంది, తనే రెన్యువల్ అవుతుంది. 2018 జులై నుంచి అది లేని సైటుని క్రోమ్ "సురక్షితం కాదు" అని చూపిస్తోంది. స్వీట్ల షాపు గుమ్మం మీద అలాంటి బోర్డు ఎవరికి కావాలి?

ఆ ఆదివారం

రావులపాలెంలో బస్సు దిగి వెళ్ళేసరికి పది దాటింది. ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి పిన్ని పేకింగ్ బల్ల ఖాళీ చేసి ఇచ్చింది. నెయ్యి మరక ఒకటి ఇప్పటికీ కీబోర్డు మీద ఉంది.

ముందు డొమైన్, పిన్ని పేరు మీద, పిన్ని ఫోన్‌తో. తర్వాత ముంబై సర్వర్ ఉన్న ఒక కంపెనీలో ఏడాదికి షేర్డ్ హోస్టింగ్: నెలకు 299 చొప్పున 3,588, జీఎస్టీతో 4,234. పిన్నికి జీఎస్టీ నంబరు ఉంది కాబట్టి బిల్లులో వేయించాం. 30 రోజుల్లో నచ్చకపోతే డబ్బు వెనక్కిస్తామన్నారు. ఆ నెల రోజుల్లోనే సైటు పూర్తిగా పెట్టి, సైటు వేగం కొలిచే పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో కొట్టి చూడాలన్నది నా లెక్క. ప్రధాన ఫొటో రెండున్నర సెకన్లలోపు కనబడాలి. సర్వర్ మొదటి జవాబే 0.8 సెకను దాటుతుంటే మనం ఫొటోలు ఎంత తగ్గించినా లాభం లేదు, తప్పు హోస్టింగ్‌ది.

డొమైన్‌ని హోస్టింగ్‌కి కలపడానికి రెండు దారులు. హోస్టింగ్ వాళ్ళు ఇచ్చిన నేమ్‌సర్వర్లు (పేరు కొడితే ఎటు వెళ్ళాలో చెప్పేవి) పెట్టేయడం తేలిక. నేమ్‌సర్వర్లు డొమైన్ కొన్న చోటే ఉంచి, సైటు ఏ సర్వర్‌లో ఉందో చెప్పే 'A' రికార్డు ఒక్కటి మాత్రం మార్చడం రెండోది. నేను రెండోదే చేస్తాను, దానికో కారణం ఉంది. కొన్నేళ్ళ కింద గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒకాయన సైటుని కొత్త హోస్టింగ్‌కి మారుస్తూ నేమ్‌సర్వర్లు మార్చేశాను. సైటు చక్కగా తెరుచుకుంది, నేనూ సంతోషంగా ఇంటికెళ్ళాను. మెయిల్ ఎటు వెళ్ళాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డులు పాత చోటే ఉండిపోయాయన్నది గుర్తులేదు. రెండు రోజుల పాటు ఆయనకు ఒక్క మెయిల్ రాలేదు. మూడో రోజు విదేశీ బయ్యరు ఫోన్ చేసి "సరుకు వద్దనుకుంటున్నారా?" అని అడిగాడట. ఆయన నన్ను ఏమన్నారో ఇక్కడ రాయను. తప్పు పూర్తిగా నాది. అప్పటి నుంచి ఏదైనా ముట్టుకునే ముందు ఈ రికార్డులన్నీ ఉండే డీఎన్‌ఎస్ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నాను.

పిన్ని మెయిల్ అందుకే హోస్టింగ్‌లో పెట్టలేదు. జోహో మెయిల్‌లో ఐదుగురి దాకా ఉచిత ప్లాన్ ఉంది, వాళ్ళ యాప్‌లోనో బ్రౌజర్‌లోనో చూసుకోవాలి, అంతే. ఎమ్ఎక్స్ రికార్డులతో పాటు, మెయిల్ నిజంగా మనదేనని చెప్పే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు కూడా పెట్టాం. అవి లేకపోతే మన మెయిల్స్ జీమెయిల్‌వాళ్ళకు స్పామ్‌లోకి వెళ్ళే ప్రమాదం ఉంది.

వర్డ్‌ప్రెస్ ఎక్కించడం హోస్టింగ్ వాళ్ళిచ్చే సీప్యానెల్ అనే కంట్రోల్ పేజీలో మూడు నొక్కుళ్ళ పని. యూజర్ పేరు "అడ్మిన్" అని ఉంచలేదు. వర్డ్‌ప్రెస్ నడవడానికి కావాల్సిన పీహెచ్‌పీ వెర్షన్ ఒకసారి చూడండి, కొన్నిచోట్ల ఇంకా 7.4 పడుతుంటుంది. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 నవంబరులోనే ఆగిపోయాయి. డేటాబేస్ అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 పద్ధతిలో ఉందో లేదో చూడండి. పాత లాటిన్ పద్ధతిలో ఉంటే సైటు మార్చిన రోజున మీ తెలుగంతా ప్రశ్నార్థకాల వరుసగా మారుతుంది.

తెలుగువాళ్ళకే వచ్చే ఇంకో చిక్కు పేజీ అడ్రసు. "పూతరేకులు" అని పేజీకి పేరు పెడితే వర్డ్‌ప్రెస్ అడ్రసులో కూడా తెలుగే పెడుతుంది. కంప్యూటర్ లెక్కలో ఆ మాటకు తొమ్మిది అక్షరాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, ఒక్కో బైటు అడ్రసులో శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. అంటే ఆ ఒక్క మాటకే 81. వాట్సాప్‌లో పంపితే చాంతాడంత పొడుగు లింకు వస్తుంది, దాన్ని చూసి ఏదో వైరస్ అనుకుంటారు. పైగా వర్డ్‌ప్రెస్‌లో ఆ చోటుకి హద్దు 200, పెద్ద శీర్షికైతే మధ్యలో తెగిపోతుంది. పేజీలో తెలుగు ఎంతైనా రాసుకోండి, అడ్రసు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి.

ఫొటోలు చెల్లాయి తీసింది. ఒక్కోటి నాలుగు ఎంబీ. 200 కేబీ లోపుకి దించి ఎక్కించాం, రేకు మీద నెయ్యి మెరుపు ఏమీ తగ్గలేదు.

పేమెంట్ గేట్‌వే పెట్టలేదు. ప్రతి ఐటెమ్ కింద వాట్సాప్ బటన్ పెట్టాం, అంతే. పూతరేకు పెళుసు సరుకు, ఏ ఊరికి ఏ కొరియర్ అయితే విరక్కుండా వెళుతుందో బాబాయి అడిగి తెలుసుకునే చెబుతాడు. ఆ మాటామంతీ లేకుండా డబ్బు కట్టించుకుంటే తర్వాత తిట్లు మిగులుతాయి. కార్టు కావాలనిపించిన రోజున ఇదే వర్డ్‌ప్రెస్‌లో పెట్టుకోవచ్చు.

చివరగా బ్యాకప్. వారానికోసారి దానంతటదే పిన్ని గూగుల్ డ్రైవ్‌కి వెళ్ళేలా పెట్టాం. పెట్టి ఊరుకోలేదు, ఒక పేజీ కావాలనే చెరిపేసి, బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి చూశాం. మొదటిసారి రాలేదు. డ్రైవ్‌లో చోటు లేక ఫైలు సగమే వెళ్ళింది, బాబాయి ఫోన్ వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి మరి. అవి తీసేశాక రెండోసారి వచ్చింది.

ఇంకొకటి మిగిలింది, రెన్యువల్. ఆటోమేటిగ్గా కార్డులోంచి పోతుందిలే అనుకోవద్దు. 2021 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఆటో డెబిట్‌కి ముందుగా మన అనుమతి నమోదై ఉండాలి. ఇప్పుడైతే 15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. విదేశీ కంపెనీల దగ్గర మన కార్డులు ఈ మెట్టు మీదే ఆగిపోతుంటాయి. డబ్బు పోలేదన్న మెయిల్ వస్తుంది, దాన్ని ఎవరూ చదవరు.

పిన్ని గోడ క్యాలెండర్ తీసి కింద పెట్టింది. డొమైన్ గడువు వచ్చే ఆగస్టులో. అంటే నెల ముందు, ఆషాఢంలోనే కట్టేయాలి. "ఆషాఢంలో బేరాలుండవు, ఖాళీగానే ఉంటాంలే" అంటూ జులై పేజీ వెనక పెన్సిలుతో రాసుకుంది. హోస్టింగ్ తేదీ కూడా అక్కడే రాయించాను.

"ఇప్పుడు రేటు మార్చి చూపించు" అన్నాను. చెల్లాయి పక్కకు జరిగింది. పిన్ని చేతులు కడుక్కుని వచ్చి, ఒక్కో వేలితో కొడుతూ, డ్రైఫ్రూట్ పూతరేకుల ధర పది రూపాయలు పెంచింది.